బిడ్డకు తొట్టె చేయిస్తున్నారా? ముందు సందు కొలవండి



ప్రసవమై ఇంటికి వెళ్ళే తల్లికి మేము చాలా సంగతులు చెబుతాం. తల్లిపాలు, టీకాలు, బొడ్డు శుభ్రత, బిడ్డను వెచ్చగా ఉంచడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉంటాయి. కాని “బిడ్డను ఎక్కడ పడుకోబెడతారమ్మా?” అని అడగడం చాలాకాలం మాకు తోచలేదు. ఆ ప్రశ్న మాకు నేర్పింది ఒక తాతగారు.

ఆయన మన సంఘస్థులే, వడ్రంగం ఆయన వృత్తి. కూతురికి ఏడో నెల రాగానే పుట్టబోయే బిడ్డ కోసం టేకుతో తొట్టె చేశారు. తలవైపు పావురం బొమ్మ చెక్కారు. చూసినవారంతా మెచ్చుకున్నారు. బిడ్డకు ఐదో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం బిడ్డ కాళ్ళు రెండు ఊచల మధ్య నుంచి బయటికి జారాయి. నడుము కూడా జారింది. తల మాత్రం లోపలే ఆగిపోయింది. పక్క గదిలో ఉన్న అమ్మమ్మకు సన్నని మూలుగు వినబడి పరుగెత్తుకొచ్చింది. ఆమె బిడ్డను కింద నుంచి ఎత్తి పట్టుకుంటే తాతగారు ఊచ విరిచి బయటికి తీశారు.

మా దగ్గరికి తెచ్చేసరికి మెడ మీద ఎర్రటి చార ఒక్కటే ఉంది. రాత్రంతా కనిపెట్టి చూసి మరునాడు ఇంటికి పంపాం. దేవునికి స్తోత్రం. తాతగారు మాత్రం వరండాలో తల వంచుకుని కూర్చున్నారు. “నలభై ఏళ్ళుగా తలుపులు, కిటికీలు చేస్తున్నానండి. కిటికీకి పెట్టే సందే దీనికీ పెట్టాను. ఎంత ఉండాలో నాకెవరూ చెప్పలేదు” అన్నారు.

ఆ మాట మమ్మల్నే అన్నట్టు తోచింది. అందుకే ఈ వ్యాసం.

తల ఎందుకు ఇరుక్కుంటుంది?

పెద్దవాళ్ళలో తల కన్నా భుజాలు, నడుము వెడల్పు. పసిబిడ్డలో అలా కాదు. తల పెద్దది, గట్టిది. నడుము చిన్నది, మెత్తనిది. కాళ్ళు తన్నుకుంటూ జరిగే బిడ్డ శరీరం కాళ్ళ వైపు నుంచి సులభంగా బయటికి జారుతుంది, తల దగ్గర ఆగుతుంది. అప్పుడు శరీరం బరువంతా మెడ మీద పడుతుంది. మెడ నొక్కుకుపోతే బిడ్డ గట్టిగా ఏడవలేదు. అందుకే పక్కగదిలో ఉన్నవారికి కూడా తెలియకపోవచ్చు.

ఇలాంటి ప్రమాదాలు చూసిన మీదటే 1970లలో అమెరికా ప్రభుత్వం తొట్టె ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండుంపావు అంగుళాలు, మించకూడదని నియమం పెట్టింది. మన ఊళ్ళో వడ్రంగి చేసే తొట్టెకూ ఈ లెక్క పాటిస్తే చాలు.

ఊచల లెక్క

మేము చెబుతున్నది ఊగే ఉయ్యాల గురించి కాదు. నాలుగు కాళ్ళ మీద కదలకుండా నిలిచి, చుట్టూ ఊచలున్న తొట్టె గురించి. లోపలి కొలత పొడవు 120 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ. అనుకుందాం. అంటే సుమారు నాలుగడుగులు, రెండడుగులు. ఊచ వెడల్పు 4 సెం.మీ. అనుకుందాం.

పొడవు వైపు 13 ఊచలు వేస్తే అవి 52 సెం.మీ. ఆక్రమిస్తాయి. మిగిలిన 68 సెం.మీ.ను సందులకు పంచాలి. 13 ఊచలకు సందులు 14 వస్తాయని మరువకండి. ఒక్కో సందు 5 సెం.మీ. లోపే ఉంటుంది. వెడల్పు వైపు 6 ఊచలు వేస్తే సందు 5 సెం.మీ.కు కొంచెం పైన వస్తుంది. రెండూ క్షేమమే. నాలుగు వైపులకు కలిపి 38 ఊచలు కావాలి.

ఇప్పుడు చెక్క ఆదా చేద్దామని పొడవు వైపు 10 ఊచలతో సరిపెట్టామనుకోండి. సందు 7 సెం.మీ. దాటిపోతుంది. చూపుకు పెద్ద తేడా కనబడదు. కాని ఆ మూడు ఊచల పొదుపే బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

తక్కిన కొలతలు

1. ఊచలు నిలువుగానే ఉండాలి. అడ్డ ఊచలు వేస్తే ఎదిగిన బిడ్డకు అవే నిచ్చెన మెట్లవుతాయి.

2. మూల కాళ్ళు పై పట్టీకి సమంగా కోయించండి. పైకి పొడుచుకొచ్చిన గుబ్బలకు బిడ్డ చొక్కా తగులుకుంటే మెడ బిగుసుకుంటుంది. తలవైపు పలకలో రంధ్రాలు పడేలా నగిషీ వద్దు.

3. అడుగు పలక పెట్టడానికి రెండు ఎత్తులు ఏర్పాటు చేయించండి. పసిబిడ్డగా ఉన్నప్పుడు పలక పైన ఉంటే తల్లి వంగడం తేలిక, ముఖ్యంగా ఆపరేషన్ అయిన తల్లికి. బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టక ముందే పలకను కిందికి దించాలి. అప్పుడు పలక నుంచి పై పట్టీ దాకా 66 సెం.మీ. ఎత్తు ఉండాలి.

4. కిందికి జారే పక్క తలుపు వద్దు. అది సౌకర్యంగానే ఉంటుంది. కాని బిగింపులు వదులై పక్క ఒరిగితే ఆ సందులో బిడ్డ చిక్కుకుంటుంది. పసిబిడ్డల మరణాలు జరిగిన తర్వాత అమెరికాలో 2011 నుంచి అలాంటి తొట్టెల అమ్మకాన్నే నిషేధించారు. నాలుగు వైపులూ కదలకుండా బిగించినదే మంచిది.

5. మూలలను మేకులతో కాక బోల్టు, నట్టులతో బిగించండి. నెలకొకసారి తొట్టెను ఊపి చూసి వదులైనవి బిగించండి.

చెక్క, రంగు

బాగా ఆరిన చెక్క వాడండి. పచ్చి చెక్క ఎండాకాలంలో కుంచించుకుపోయి సందులు పెరుగుతాయి, ఊచలు వదులవుతాయి. టేకు మంచిదే గాని ఖరీదు. ఆరిన వేప చెక్క కూడా బాగుంటుంది, పురుగు త్వరగా పట్టదు. సరుకుల పెట్టెల చెక్క చవకగా దొరుకుతుంది. కాని కొన్నిటికి పురుగు పట్టకుండా విషవాయువు పట్టిస్తారు, వాటి మీద ఎం.బి. అనే అక్షరాలు ముద్రించి ఉంటాయి. అలాంటిది బిడ్డ తొట్టెకు పనికిరాదు.

పళ్ళు వచ్చే వయసులో బిడ్డ పై పట్టీని కొరుకుతుంది. అందుచేత రంగు సంగతి చిన్నది కాదు. పాత రంగుల్లో సీసం ఎక్కువగా కలిసేది. సీసం ఒంట్లో చేరితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అటకమీది పాత డబ్బా రంగు మాత్రం వాడకండి. అసలు రంగే వేయకుండా, ఉప్పు కాగితంతో పేళ్ళు లేకుండా నున్నగా రుద్ది వదిలేయడం అన్నిటికన్నా మేలు.

తాతల నాటి రంగు తొట్టె ఇంట్లో ఉంటే దాని సందులు కొలవండి. గర్భిణి గాని పిల్లలు గాని ఉన్న ఇంట్లో దాని రంగును గీకవద్దు. ఆ దుమ్ములోనూ సీసం ఉండవచ్చు. అలాంటిదాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, బిడ్డను పడుకోబెట్టకండి.

తొట్టెలో ఏముండకూడదు?

ఇక్కడే మాకు ఇంట్లో పెద్దవారితో ప్రేమగా వాదం జరుగుతుంది. తొట్టెలో గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన నూలు దుప్పటి, బిడ్డ. అంతే ఉండాలి. దిండు, బొంత, పక్క దిండ్లు, బొమ్మలు ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దమ్మా. మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే ఉండి కాసేపు బోర్లా ఆడించండి, తల ఆకారం అదే సర్దుకుంటుంది.

పరుపుకు, చెక్కకు మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండరాదు. మెత్తటి దూది పరుపు కన్నా గట్టి కొబ్బరిపీచు పరుపు మంచిది. చేత్తో నొక్కితే గుంట పడకూడదు.

బిడ్డను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టండి. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటనే ఊరూరా ప్రచారం చేశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో నిద్రలో అకస్మాత్తుగా జరిగే శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతులోకి పోతాయని భయపడేవారున్నారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ భయం అక్కరలేదు.

నిద్రపుచ్చే ముందు మెడలోని సిలువ గొలుసు, దారాలు తీసేయండి. దోమతెరను తొట్టె వెలుపల నుంచి బిగుతుగా కట్టండి, దాని తాళ్ళు లోపలికి వేలాడకూడదు. తొట్టెను తల్లి మంచం పక్కనే ఉంచండి, రాత్రి పాలివ్వడం తేలికవుతుంది. కిటికీ తాళ్ళు, కరెంటు తీగలు, దోమల చుట్ట దగ్గర ఉంచకండి.

చీర ఉయ్యాల సంగతేమిటి?

మనమందరం చీర ఉయ్యాలలో పెరిగినవాళ్ళమే. దాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని చీరలో బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది. నెల తక్కువగా పుట్టిన బిడ్డకు ఇది మరీ ప్రమాదం. ఏడుపు మానిపించడానికి మీ కళ్ళెదుట ఊపండి. కన్ను మూతపడగానే తీసి తొట్టెలో వెల్లకిలా వేయండి.

బిడ్డ 90 సెం.మీ. ఎత్తు ఎదిగినా, అంతకు ముందే పై పట్టీ ఎక్కబోయినా, తొట్టె పని అయిపోయినట్టే.

చివరిగా ఒక మాట

ఆ తాతగారు తర్వాత కొత్త తొట్టె చేశారు. పావురం బొమ్మ ఈసారీ ఉంది, రంధ్రాలు లేకుండా. మిగిలిన చెక్కతో సరిగ్గా 6 సెం.మీ. వెడల్పున్న చిన్న ముక్కలు కోసి, నున్నగా రుద్ది మా ప్రసవ వార్డుకు ఇచ్చారు. సిస్టర్‌గారిని అడిగితే మీకు ఒకటి ఇస్తారు. ఇంటికి తీసుకెళ్ళి ప్రతి సందులోనూ పెట్టి చూడండి. ఏ సందులోనైనా ముక్క దూరిందంటే ఆ తొట్టెలో బిడ్డను పడుకోబెట్టకండి. చూసుకున్నాక ముక్కను తిరిగి ఇవ్వండి, మరో తల్లికి పనికొస్తుంది.

మోషే తల్లి తన బిడ్డను దేవుని చేతికే అప్పగించింది. అయినా జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు పూసిన తర్వాతే బిడ్డను అందులో ఉంచింది. ప్రార్థించే మనం కూడా సందులు చూసుకుందాం. దేవుడు మీ ఇంటి బిడ్డలను కాపాడి దీవించును గాక. ఆమేన్.