ఆరు కోర్ల కంటే నాలుగు కోర్లు మేలా?

ప్రశ్న: తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టించుకుందామనుకుంటున్నాను. ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్‌లో నాలుగు కోర్లే. ఏఎండీ రైజెన్ 5 5500లో ఆరు. అయినా గేములకు ఐ3యే నయమంటున్నారు. ఎందుకు? ఏది కొనాలి?

జవాబు: రెండూ 2022లో వచ్చినవే. గరిష్ఠ వేగంలోనూ పెద్ద తేడా లేదు. ఐ3ది 4.3 గిగాహెర్ట్జ్, రైజెన్‌ది 4.2. అసలు తేడా ఒక్కో కోర్ సత్తాలో ఉంది.

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లే. ఆలోగా మీరు నొక్కిన మీట, ఎదుటివాడి కదలిక, తగిలిన దెబ్బ అన్నీ లెక్క తేల్చి, ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. ఇందులో చాలాభాగం ఒకే త్రెడ్‌పై వరసగా సాగే పని. వంటింట్లో ఎందరున్నా పులుసుకు పోపు పెట్టే చేయి ఒకటే కదా! ఐ3లోని కోర్ ఒక్కో క్లాక్‌కు ఆరు ఆదేశాలను డీకోడ్ చేయగలదు, రైజెన్ కోర్ నాలుగింటిని. కోర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ, అంటే ఎల్2 క్యాష్, ఒక్కో కోర్‌కు ఐ3లో 1.25 ఎంబీ, రైజెన్‌లో అర ఎంబీ. అందుకే చాలా గేముల్లో నాలుగు కోర్ల ఐ3 వెనకబడదు, కొన్నిట్లో ముందుంటుంది కూడా.

మరి ఆరు కోర్లు దండగా? కాదు. వీడియో ఎడిటింగ్, రెండర్, ఆడుతూనే లైవ్ ఇవ్వడం లాంటివి పంచుకుని చేసే పనులు. అక్కడ రైజెన్‌దే పైచేయి. కొత్తగా వస్తున్న కొన్ని భారీ గేముల్లోనూ నాలుగు కోర్లు నిండిపోయి ఆట కుదుపులతో నడుస్తుంది.

కార్డు విషయంలో ఒక మెలిక ఉంది. కార్డును ప్రాసెసర్‌తో కలిపే దారి పీసీఐఈ. ఐ3లో 4.0 నడుస్తుంది, రైజెన్ 5 5500 మాత్రం 3.0 దగ్గరే ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చవక కార్డు నాలుగు లేన్లే వాడుతుంది. పీసీఐఈ 4.0లో ఆ దారిన సెకనుకు సుమారు 8 జీబీ వెళ్తే, 3.0లో సుమారు 4 జీబీ. కార్డులోని 4 జీబీ మెమరీ నిండి ర్యామ్ వైపు చూడాల్సి వచ్చినప్పుడు ఫ్రేములు పడిపోతాయి. పదహారు లేన్ల కార్డయితే ఈ బాధ అంతగా తెలియదు.

బ్రౌజర్, ట్యాలీ, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులకు రెండూ కావలసినదాని కంటే ఎక్కువే. అక్కడ తేడా తెచ్చేది ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ కూడా 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8+8గా వేయించండి, డేటా రెండు దారుల్లో నడుస్తుంది.

ఈ రెండిట్లోనూ గ్రాఫిక్స్ లేవు. కార్డు లేకుండా బోర్డుకు మానిటర్ తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది. కార్డు తర్వాత కొందామనుకుంటే రైజెన్ 5 5600జీ తీసుకోండి. తేలికపాటి గేములు దాంతోనే ఆడుకోవచ్చు.

మీకు ఆటే ముఖ్యమై, చవక కార్డు పెట్టాలనుకుంటే ఐ3-12100ఎఫ్. ఎడిటింగ్, లైవ్ కూడా ఉంటే రైజెన్ 5 5500. సికింద్రాబాద్ సీటీసీ దుకాణాల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా ప్రాసెసర్ ధర ఒక్కటే కాకుండా మదర్‌బోర్డుతో కలిపి లెక్క వేసుకోండి.