పరిశోధనకు కొలబద్ద ఉన్నదా?

భద్రాచలం ఏజెన్సీలోని కోయ కుటుంబాలలో కొందరికి కొడవలి కణ రక్తహీనత అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నది. దీనినే సికిల్ సెల్ వ్యాధి అంటారు. ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణం సుమారు 120 దినాలు జీవిస్తుంది. ఈ వ్యాధిలో అది కొడవలి వలె వంగి, 10 లేక 20 దినాలకే నశిస్తుంది. నశించిన కణాల స్థానే ఎముకల లోని మజ్జ కొత్త కణాలను త్వరత్వరగా తయారు చేయవలె. కణం రెండు కావడానికి ముందు దానిలోని డి.ఎన్.ఎ. రెట్టింపు కావలె, అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. కనుకనే వైద్యులు ఈ రోగులకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు.

ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్లు 1945లో ప్రకటించింది. ఇట్టి శాస్త్రజ్ఞుని కృషి విలువ ఎంత అని అడిగితే, ఈనాడు సాధారణంగా ఒక అంకె చూపుతారు. ఆ అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో పరిశీలిద్దాము.

మొదటి లెక్క, ప్రచురించిన వ్యాసాల సంఖ్య. మన అడవులలో తునికాకును కట్టకు 50 ఆకుల చొప్పున లెక్కిస్తారు. కట్టల సంఖ్యను బట్టి ఎంత ఆకు కోసినదీ తెలుస్తుంది గాని, ఆకు నాణ్యం తెలియదు. వ్యాసాల సంఖ్య కూడా అట్టిదే.

రెండవ లెక్క, ఉల్లేఖనలు. ఒక శాస్త్రజ్ఞుడు తన వ్యాసం చివర, తాను ఆధారపడిన పూర్వవ్యాసాలను పేర్కొంటాడు. అట్లా ఒక వ్యాసాన్ని ఎందరు పేర్కొన్నారో తెలుసుకొనే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ 1964లో వెలువరించాడు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఈ రెండు లెక్కలను కలిపి 'హెచ్ సూచిక'ను ప్రతిపాదించాడు. ఒకని అయిదు వ్యాసాలకు వరుసగా 20, 9, 4, 3, 1 ఉల్లేఖనలు వచ్చినవనుకొందాము. కనీసం మూడేసి ఉల్లేఖనలు గల వ్యాసాలు మూడైనా ఉన్నవి. నాలుగేసి గల వ్యాసాలు నాలుగు లేవు. కనుక అతని హెచ్ సూచిక 3. మొదటి వ్యాసానికి 20కి బదులు 10,000 ఉల్లేఖనలు వచ్చినా సూచిక 3గానే ఉంటుంది.

ఇప్పుడు సుబ్బారావు కృషిని ఈ త్రాసులో తూచి చూద్దాము. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణిని కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కన. డి.ఎన్.ఎ. లోను, కణపు పొరలోను భాస్వరం ఉండడం వలన, జీవకణాన్ని పరిశోధించే ప్రతి ప్రయోగశాలకూ ఈ పద్ధతి అక్కరకు వచ్చింది. ఆ వ్యాసాన్ని 10,000 సార్లకు పైగా ఉల్లేఖించారు.

అదే పద్ధతి సహాయంతో వారు 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణానికి శక్తి నాణెం వంటిదైన ఎ.టి.పి.ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. నేడు ఎ.టి.పి. పేరు లేని జీవశాస్త్ర పాఠ్యపుస్తకం లేదు. అయినా ఎ.టి.పి.ని గురించి వ్రాసేవారు 1929 నాటి వ్యాసాన్ని పేర్కొనడం అరుదు. అందరికీ తెలిసిన సత్యానికి ఆధారం చూపవలసిన పని ఉండదు గదా! అనగా, ఒక ఆవిష్కరణ సంపూర్ణంగా విజయం పొందిన కొద్దీ దాని ఉల్లేఖనలు తగ్గవచ్చును. కొలిచే పద్ధతికి మాత్రం, వాడిన ప్రతివారూ ఋణం చెల్లిస్తారు. ప్రొటీన్లను కొలిచే పద్ధతిపై లౌరీ ప్రభృతులు 1951లో వ్రాసిన వ్యాసానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనలు రావడానికి కారణం ఇదే.

మరొక సంగతి. 1948లో ఫార్బర్ అనే వైద్యుడు, రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలలో కొందరికి అమినోప్టెరిన్ అనే మందుతో తాత్కాలికంగా వ్యాధి ఉపశమించినట్లు ప్రచురించాడు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే ఆ మందు తయారైనది సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే. కాని ఆ వ్యాసకర్తలలో ఆయన పేరు లేదు. కనుక ఆ ఉల్లేఖనలు ఆయన ఖాతాలో చేరవు. ఆయన ఆ సంవత్సరమే మరణించాడు.

శాస్త్రాలన్నిటికీ ఒకే తూకం కూడా పనికిరాదు. కణజీవశాస్త్రంలో పనిచేసేవారు వేలకొలది. కిన్నెరసాని అడవిలోని ఒక మొక్కను శోధించేవారు బహు కొద్దిమంది. రెండవవాని వ్యాసాన్ని ఉల్లేఖించడానికి మనుషులే తక్కువ.

అంతమాత్రాన ఈ అంకెలు నిరర్థకం కావు. ఒక వ్యాసం తోటి శాస్త్రజ్ఞులకు ఎంతగా ఉపయోగపడిందో అవి చూపుతాయి. అయితే ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొనే కోయ బాలుడు ఏ వ్యాసమూ వ్రాయడు, ఎవరినీ ఉల్లేఖించడు. అతనికి కలిగిన మేలు ఏ సూచికలోనూ నమోదు కాదు. కనుక ఒక శాస్త్రజ్ఞుని గురించి చదివేటప్పుడు విద్యార్థులు అంకెతో తృప్తిపడక, ఆయన ఏమి కనుగొన్నాడు, దానివలన ఎవరికి ఏమి ఒనగూడింది అని కూడా విచారించవలె.