కలవని రెక్కలు

మూడేళ్ల కిందట మేము ఏలూరులో ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ గోడ, గేటు స్తంభాలు ఏలూరు తాపీమేస్త్రి కట్టాడు. ఇనుప గేటు మాత్రం తాడేపల్లిగూడెంలో తెలిసిన వెల్డింగు షాపులో చేయించాను. ఇద్దరికీ ఒకే ప్లాను ఇచ్చాను. మధ్యలో మా బావగారు వచ్చి, "కారు పట్టదురా, ఇంకో ఆరంగుళాలు జరిపించు" అన్నారు. మేస్త్రి తన ప్లాను మీద పెన్సిలుతో దిద్దుకుని స్తంభం జరిపాడు. గూడెంలో వున్న ప్లానును దిద్దినవాళ్లు లేరు.

గృహప్రవేశానికి ముందు రోజు లారీలో గేటు దిగింది. బిగించి చూస్తే ఏముంది! రెండు రెక్కలూ మూసినా మధ్యలో ఆరంగుళాల సందు.

"నా కాగితం ప్రకారం సరిగ్గానే చేశానండీ" అన్నాడు గూడెం అతను.

"నా కాగితం ప్రకారం నేనూ సరిగ్గానే కట్టానండీ" అన్నాడు మేస్త్రి.

ఇద్దరూ నిజమే చెప్పారు. తప్పు ఎవరిదో తెలుసు గనక నేను మాట్లాడలేదు. బావగారు మాత్రం కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయారు.

ఆరంగుళాల భాగోతమే గదా అని నవ్వకండి. సరిగ్గా ఇటువంటి పొరపాటే ఐరోపాలో ఓ మహా సంస్థను రెండేళ్లు వెనక్కి లాగింది.

నాలుగు దేశాల విమానం

ఆ సంస్థ పేరు ఎయిర్‌బస్. వారు తలపెట్టిన ఎ-380 రెండంతస్తుల విమానం. ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటను, స్పెయిను దేశాలు భాగాలు పంచుకున్నాయి. రెక్కలు వేల్సులో, శరీరంలో పెద్ద ముక్కలు జర్మనీలోని హాంబర్గులో, తోక భాగాలు స్పెయినులో తయారయ్యేవి. అన్నీ కలిపి బిగించేది ఫ్రాన్సులోని తులూజ్ పట్టణంలో. కాలువల సీమ వాళ్లం గనక మనకు ఒక సంగతి ముచ్చటగా వుంటుంది. ఆ ముక్కలు ఓడల్లో వచ్చి, గారోన్ నది మీద పడవెక్కి లాంగాన్ దాకా ప్రయాణం చేసి, అక్కడి నుంచి రోడ్డెక్కి తులూజ్ చేరేవి.

ఆ విమానం కడుపులో విద్యుత్తు తీగెలే 500 కిలోమీటర్ల పైచిలుకు. హాంబర్గు నుంచి వచ్చిన తీగెల కట్టలను తులూజ్ పనివాళ్లు లోపల పరుస్తూ పోతే, చివరికి కొన్ని అందవలసిన చోటికి అందలేదు! కారణం వెతికితే చిన్నదే. విమానం బొమ్మను కంప్యూటరులో గీసే కాటియా అనే సాధనం వుంది. జర్మనీ, స్పెయిను వారు దాని నాలుగో కూర్పు వాడుతున్నారు. ఫ్రాన్సు, బ్రిటను వారు అయిదో కూర్పుకు మారిపోయారు. ఒక కూర్పులోని బొమ్మ మరో కూర్పులోకి వెళ్లేటప్పుడు కొన్ని సంగతులు జారిపోయాయి. ఒకచోట చేసిన మార్పు రెండోచోట కనిపించలేదు.

2006లో ఆలస్యం ప్రకటించారు. మళ్లీ ప్రకటించారు. సంస్థ పెద్దలు పదవులు వదులుకున్నారు. 2010 నాటికి 480 కోట్ల యూరోల లాభం తరిగిపోతుందని లెక్క కట్టారు. మొదటి విమానం సింగపూరు ఎయిర్‌లైన్సుకు 2007 అక్టోబరులో గాని చేరలేదు.

అదే 2006లో మన కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెంపారు. అభయారణ్యం హద్దు అయిదో కాంటూరు. ఆ గీత ఎవరి పటంలో ఎక్కడ పడిందన్న దాని మీద ఎన్ని కుటుంబాల కూడు ఆధారపడిందో కొల్లేటివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరి చేతిలోనూ ఒకే పటం వుండాలనడం ఇంజనీర్ల చాదస్తం కాదు.

ముగ్గురు చేసిన భారతం

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. విమానాల మాట వింటే నాకు భారతం గుర్తొచ్చింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టాడు. అరణ్యపర్వం నడుమ ఆగింది. పదమూడో శతాబ్దంలో నెల్లూరివాడు తిక్కన విరాటపర్వం నుంచి చివరికంటా పూర్తిచేశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. మొదట నన్నయలాగా ఎత్తుకుని, పోనుపోను తిక్కన దారిలోకి మళ్లాడని పండితులు మెచ్చుకుంటారు. మూడు వందల ఏళ్ల దూరంలో ముగ్గురు చేసిన పనికి అతుకు కనబడదు. ఎందుకని? ముందున్నది ఏమిటో, వెనకున్నది ఏమిటో ఎర్రన కళ్ల ఎదుట వుంది.

మూడు కట్టుబాట్లు

ఈనాటి విమాన సంస్థలు నేర్చుకున్నదీ ఇదే. ఒకటి, అందరికీ అర్థమయ్యే భాష. ఎవరి సాధనం వారిదే అయినా, బొమ్మను ఇచ్చిపుచ్చుకోవడానికి స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం 1994లో వెలువడింది. రెండు, ఏది తాజా ప్రతి అన్న లెక్క. ప్రతి భాగానికీ ఒక నంబరు, ప్రతి మార్పుకూ ఒక గుర్తు. భాగస్వాములు చూసి ఒప్పుకోనిదే మార్పు చెల్లదు.

మూడోది అన్నిటికన్నా చిక్కు: ఎంత చూపించాలి? ఈనాటి భాగస్వామి రేపటి పోటీదారు కావచ్చు. వియ్యాలవారికి ఇల్లంతా చూపిస్తాం గాని, ఇనప్పెట్టె తాళంచెవి చేతికివ్వం గదా! అందుకని రెండు భాగాలూ కలిసే చోటి కొలతలు పూర్తిగా ఇస్తారు. లోపలి కిటుకు దాచుకుంటారు. సైనిక విమానాలైతే దేశాల చట్టాలే అడ్డు నిలుస్తాయి. అమెరికాలో అటువంటి పటాన్ని పరదేశీయుడికి చూపించడం కూడా ఎగుమతి కిందే లెక్క. మరీ దాస్తే తీగె అందదు, మరీ విప్పితే కిటుకు దక్కదు.

ఇదంతా ఎక్కడో జరిగే ముచ్చట కాదు. హైదరాబాదు దగ్గర ఆదిభట్లలో టాటా, బోయింగు కలిసి పెట్టిన కర్మాగారం అపాచీ హెలికాప్టరు శరీరాలు తయారుచేస్తోంది. మొదటిది 2018లో అమెరికాలోని మెసా పట్టణానికి వెళ్లింది. అక్కడి భాగాలతో అది అతకాలంటే ఇక్కడి కుర్రవాడి చేతిలో వున్న పటం, అక్కడి పటం ఒక్కటే కావాలి. మన తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే వుంది. 2015 నుంచి అదే వూళ్లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వుంది. అక్కడ చదివిన పిల్లలు రేపు ఇటువంటి పనుల్లోనే కుదురుకోవచ్చు. లెక్కలతో పాటు, దిద్దిన కాగితం అవతలివాడికి చేరిందో లేదో కనుక్కునే అలవాటు కూడా వారికి అబ్బాలి. తీగె పొట్టిదైతే డబ్బు పోతుంది. అది కింద వున్నప్పుడే కనబడకపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు.

మా గేటు సంగతంటారా? గూడెం అతను ఆ రాత్రికి రాత్రి రెండు పట్టీలు అతికి సందు పూడ్చాడు. మర్నాడు బావగారు కారులోనే లోపలికి వచ్చారు. ఈసారి కాఫీ కూడా తాగారు. మీరు ఇల్లు కడుతుంటే నాదొక్కటే మనవి: ప్లాను దిద్దిన పెన్సిలు కింద పెట్టకముందే గూడెం కబురు పెట్టండి.