గుడ్లకోడికి బర్డ్ ఫ్లూ టీకా: పనిచేసిందని తేల్చేదెలా?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు నుంచి, పెరవలి మండలం కానూరు అగ్రహారం నుంచి వెళ్లిన నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చింది. నిబంధన ప్రకారం కిలోమీటరు లోపున్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి. పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. అప్పు తెచ్చి నిలబెట్టుకున్న షెడ్డు కళ్లముందే ఖాళీ అవుతుంటే ఏ రైతుకైనా కడుపు రగులుతుంది. కొక్కెర తెగులుకు టీకా వేస్తున్నాం, గంబోరోకు వేస్తున్నాం, మరి దీనికెందుకు వేయరు అని అడుగుతాడు. చాలా న్యాయమైన ప్రశ్న. టీకాలు ఉన్నాయి. చిక్కంతా అవి పనిచేస్తున్నాయని రుజువు చేయడంలోనే ఉంది. ఆ రుజువు వెనక కథలు కొన్ని చదవండి.

ఆరు వారాల కోడి, ఎనభై వారాల కోడి

బ్రాయిలర్ ఆయుష్షు ఆరు వారాలు. లేయర్ పిల్ల 18, 20 వారాలకు గుడ్డు మొదలుపెట్టి 72 నుంచి 80 వారాల దాకా, మంచి మంద అయితే అంతకు మించి కూడా షెడ్డులోనే ఉంటుంది. పుట్టిన రోజున వేసిన సూది ఇన్నాళ్లూ కాపాడుతుందా? అందుకే టీకా సత్తా చూడాలనుకునే పరిశోధకులు లేయర్ పిల్లల్ని ఎంచుకుంటారు. ఎనిమిది వారాలకు ఎలా ఉంది, గుడ్డుకు వచ్చే వేళకు ఎలా ఉంది, ఏడాది దాటాక ఏం మిగిలింది అని మజిలీ మజిలీకీ చూస్తారు. మూడో వారంలో పరీక్షించి బాగుందని చెప్పడం తేలిక. రైతుకు కావలసింది మాత్రం చివరి గుడ్డు దాకా భరోసా.

టర్కీ కోడి వైరస్ మీద సవారీ

లేయర్ పిల్ల హేచరీ దాటకముందే మెడ చర్మం కింద మారెక్స్ టీకా పడుతుంది. 1907లో హంగేరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ వర్ణించిన జబ్బు అది. సోకిన కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతుంది. దానికి వాడే టీకాల్లో ఒకటి టర్కీ కోళ్లలో ఉండే ఒక హెర్పిస్ వైరస్. హేచరీల్లో హెచ్‌వీటీ అంటారు. కోడికి అది ఏ హానీ చేయదు, కానీ ఒకసారి ఒంట్లో చేరితే బతికినన్నాళ్లూ ఉంటుంది.

ఈ గుణాన్నే వాడుకున్నారు. బర్డ్ ఫ్లూ వైరస్ పైపొరలోని హెచ్5 అనే ప్రొటీన్ జన్యువు ఒక్కదాన్ని తెచ్చి హెచ్‌వీటీలో అతికించారు. ఒకే సూదితో పిల్లకు రెండు జబ్బుల మీదా శిక్షణ దొరుకుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. తల్లి నుంచి పచ్చసొన ద్వారా పిల్లకు వచ్చే యాంటీబాడీలు మామూలు టీకాను మొదట్లోనే అణచేస్తాయి. కణాల లోపల దాగి తిరిగే హెచ్‌వీటీ ఆ దెబ్బను చాలావరకు తప్పించుకుంటుంది.

అయితే ఒక హెచ్‌వీటీ టీకా పడిన పిల్లకు మరో హెచ్‌వీటీ టీకా వేయకూడదు. రెండూ పోటీపడి ఒకటి సరిగా అందదు. ఇప్పటికే కొక్కెర తెగులుకో గంబోరోకో ఇదే వాహనం వాడుతున్న హేచరీ హెచ్5 కావాలంటే దేన్ని వదులుకోవాలో ముందే లెక్క చూసుకోవాలి.

నెదర్లాండ్స్‌లో 1800 పిల్లలు

2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 రకం బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు దాదాపు 3 కోట్ల కోళ్లను చంపేశారు. 89 మంది మనుషులకు సోకింది, ఒక పశువైద్యుడు చనిపోయారు. ఆ దేశం ఆ దెబ్బను మరిచిపోలేదు. 2023లో రెండు హెచ్‌వీటీ టీకాలను, ఒకటి ఫ్రాన్స్ కంపెనీ సేవాది, ఇంకొకటి జర్మనీ కంపెనీ బోరింగర్ ఇంగెల్‌హైమ్‌ది, 1800 ఒకరోజు పిల్లలతో మామూలు ఫారాల్లో పరీక్షకు పెట్టారు.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చింది దాని అమరిక. పిల్లలు పెరిగేది దుమ్మూ రెట్టా మామూలు మేతా ఉన్న నిజమైన షెడ్డులో. వైరస్‌ను ఎదుర్కొనేది లెలీస్టాడ్‌లోని కట్టుదిట్టమైన ప్రయోగశాలలో. మందలోంచి కొన్ని కోళ్లను విడతలు విడతలుగా అక్కడికి తీసుకెళ్తారు. లోపలి గాలిని వడకట్టాకే బయటికి వదిలే గదులవి. ఎనిమిది వారాల వయసులో చూసినప్పుడు రెండు టీకాలూ నెగ్గాయి. ప్రయోగశాలలోనే పెంచిన కోడి మీద వచ్చే ఫలితం వేరు, ఫారంలో పెరిగిన కోడి మీద వచ్చే ఫలితం వేరు. రెండోదాన్నే నమ్మాలి.

చావకపోతే సరిపోదు

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం వైరస్ ఎక్కించిన టీకా కోళ్లలో కనీసం 80 శాతం చావకుండా నిలవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ కోడి బతికి, దర్జాగా మేత తింటూ, గొంతులోంచి, రెట్టలోంచి వైరస్‌ను వదులుతూ ఉంటే? చచ్చిపోయిన కోడి కనీసం ప్రమాదం ఉందని చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. పక్క ఫారానికి పాకాకే బయటపడుతుంది.

అందుకే అసలు పరీక్ష ఇలా ఉంటుంది. టీకా వేసిన కొన్ని కోళ్ల ముక్కులో వైరస్ చుక్కలు వేస్తారు. మర్నాడు అదే పంజరంలోకి, టీకా వేసినవే, వైరస్ తాకనివి, మరికొన్నిటిని వదులుతారు. రోజూ గొంతులో, రెట్ట ద్వారంలో దూది పుల్ల పెట్టి నమూనా తీస్తారు. ఒక్కో రోగి కోడి సగటున ఎన్నిటికి అంటించింది? ఆ సంఖ్య ఒకటికి తగ్గితే వ్యాధి తనంతట తానే ఆరిపోతుంది. ఒకటి దాటితే ఎంత మంచి టీకా అయినా మందను ఒడ్డున పడేయలేదు. లెలీస్టాడ్‌లోనే జానెట్ వాన్ డెర్ హూట్ బృందం 2005లో హెచ్7ఎన్7 మీద ఈ పద్ధతిలో చూసింది. టీకా వేసిన రెండు వారాలకు కోడి నుంచి కోడికి పాకడం ఆగిపోయింది. టీకా ప్రకటనల్లో మరణాల శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేను రైతునైతే ముందు అడిగేది ఈ రెండో సంఖ్యే.

ఎర్రటి చుక్క జారితే...

కోడి రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఇప్పటికీ వాడే పరీక్షకు మూలం 1941లో జార్జ్ హర్స్ట్ గమనించిన ఒక సంగతి. ఫ్లూ వైరస్ కోడి ఎర్రకణాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. యాంటీబాడీలు ఉంటే అతుకు పడదు.

అరచేతి సైజు ప్లాస్టిక్ పళ్లెం, అందులో 96 గుంటలు, ఒక్కో గుంట అడుగున సన్నగా మొన తేలి ఉంటుంది. మొదటి గుంటలో కోడి సీరం, తర్వాత దాంట్లో సగం పలుచన, ఆ తర్వాత మళ్లీ సగం. అన్నిట్లో సమానంగా చచ్చిన వైరస్ పోస్తారు. అరగంట ఆగి ఎర్రకణాలు కలుపుతారు. మరో అరగంటకు పళ్లేన్ని వాలుగా పట్టుకుని చూస్తారు. యాంటీబాడీలు గెలిచిన గుంటలో ఎర్రకణాలు అడుగున చుక్కగా పేరుకుని, వాలు పట్టగానే కన్నీటి చుక్కలా కిందికి జారుతాయి. వైరస్ గెలిచిన గుంటలో పల్చటి ఎర్ర తెర కదలకుండా ఉంటుంది. 32 రెట్లు పలుచన చేసిన గుంటలో కూడా చుక్క జారితే కోడికి కనీస రక్షణ ఉన్నట్టు లెక్క. పరీక్షకు వాడే వైరస్ మాత్రం ఊళ్లో తిరుగుతున్న రకానికి దగ్గరగా ఉండాలి. పాత రకంతో చూస్తే అంకె ఘనంగా వస్తుంది, రక్షణ రాదు.

ఈ యాంటీబాడీలు పచ్చసొనలోకి కూడా దిగుతాయి. కాబట్టి సూది గుచ్చకుండా, కోడిని పట్టకుండా, గుడ్డు తీసుకెళ్లి కూడా మంద స్థితి కనుక్కోవచ్చు.

టీకా కోడా, రోగి కోడా?

రెండిటి రక్తంలోనూ హెచ్5 యాంటీబాడీలే కనిపిస్తే ఎగుమతి చేసే దేశం కొనేవాళ్లను ఎలా నమ్మించాలి? ఇటలీ 1999-2000లో కోటీ 30 లక్షలకు పైగా పక్షులను పోగొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టింది. తిరుగుతున్నది హెచ్7ఎన్1 అయితే హెచ్7ఎన్3తో చేసిన టీకా వేశారు. హెచ్ ఒకటే కాబట్టి రక్షణ దొరికింది. పైపొరలోని రెండో ప్రొటీన్ ఎన్ వేరు కాబట్టి ఎన్1 యాంటీబాడీలు కనిపించిన కోడి అసలు వైరస్‌నే ఎదుర్కొందని తెలిసిపోయింది. హెచ్‌వీటీ టీకాలతో ఇది ఇంకా సులువు. వాటిలో ఉన్నది ఒక్క హెచ్5 జన్యువే. వైరస్ లోపలి ప్రొటీన్లకు యాంటీబాడీలు కనిపించాయంటే రోగం వచ్చి వెళ్లినట్టే. దీనికి తోడు మందలో టీకా వేయని కొన్ని కోళ్లను గుర్తు వేసి కాపలాగా ఉంచడం, వారం వారం చచ్చిన కోళ్ల గొంతు నమూనాలు పంపడం కూడా ఉంటాయి.

అరువు కోళ్లు చెప్పిన నిజం

కోడి తోక కింద బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ వర్ణన 1621లోనే అచ్చయింది. దేనికుందో మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. 1950లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి బ్రూస్ గ్లిక్ పిల్లకోళ్లకు బర్సా తీసేసి ఏమవుతుందో చూస్తున్నాడు. ఏమీ కాలేదు. తోటి విద్యార్థి తిమోతీ చాంగ్ తరగతిలో యాంటీబాడీలు చూపించడానికి ఆ కోళ్లనే అరువు తీసుకున్నాడు. పాఠం బెడిసికొట్టింది. బర్సా లేనివాటిలో యాంటీబాడీలే పుట్టలేదు. 1956లో కోళ్ల శాస్త్ర పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం మనుషుల రోగనిరోధక శాస్త్రాన్నే మార్చేసింది.

లేయర్ రైతుకు ఇందులో సొంత సంగతి ఉంది. గంబోరో తగిలేది ఆ బర్సాకే. చిన్నప్పుడు అది దెబ్బతింటే తర్వాత ఎంత ఖరీదైన టీకా వేసినా ఒళ్లు స్పందించదు. టీకా పరీక్షకు తీసుకున్న పిల్లల్లో గంబోరో లేదని ముందు నిర్ధారించుకునేది ఇందుకే.

ఇంకొన్ని

2002 నుంచి 2010 దాకా ప్రపంచంలో 11,300 కోట్లకు పైగా బర్డ్ ఫ్లూ టీకా మోతాదులు వాడారు. అందులో 90 శాతం చైనాలోనే.

చైనాలో 2016-17 సీజన్‌లో హెచ్7ఎన్9 సోకిన మనుషులు 766 మంది. 2017 సెప్టెంబరులో కోళ్లకు టీకా మొదలుపెట్టారు. తర్వాతి ఏడాది కేసులు 3.

ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి 250కి మించి బాతులున్న ఫారాలకు టీకా తప్పనిసరి చేసింది. అంతకుముందు సీజన్‌లో 396 ఫారాల్లో వచ్చిన వ్యాధి ఆ సీజన్‌లో పదింటికి దిగింది. అయితే టీకా మొదలవగానే అమెరికా, కెనడా ఫ్రాన్స్ కోళ్ల ఉత్పత్తుల మీద ఆంక్షలు పెట్టాయి. టీకా వేస్తే రోగం కనపడకుండా దాగుతుందేమోనన్న భయం అంత బలమైనది.

అమెరికాలో 21 కాండోర్ రాబందులు చనిపోయాక 2023లో మిగిలినవాటికి కోళ్ల టీకా వేయడానికి అనుమతిచ్చారు. ముందుగా నల్ల రాబందుల మీద పరీక్షించారు.

మన దగ్గర

గుడ్ల ఉత్పత్తిలో 2023-24లో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది, వాటా 17.85 శాతం. తెలంగాణ 12.88 శాతంతో మూడోది. హెచ్5ఎన్1 విషయంలో దేశ విధానం చంపి అదుపు చేయడమే. టీకా ఉన్నది తక్కువ తీవ్రత గల హెచ్9ఎన్2 రకానికి. భోపాల్ ప్రయోగశాల తయారుచేసిన ఆ టీకా సాంకేతికతను 2022లో నాలుగు కంపెనీలకు ఇచ్చారు, వాటిలో గ్లోబియన్ మన హైదరాబాద్‌ది. హెచ్9 టీకా హెచ్5ను ఆపదు. మందకు "ఫ్లూ టీకా" వేయించాం కదా అని ధీమాగా ఉన్న రైతుకు ఈ తేడా ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. షెడ్డులో ఒక్కసారిగా చావులు పెరిగితే, హెచ్9 టీకా పడిన మందైనా సరే, ఆ రోజే పశువైద్యుడికి కబురు వెళ్లాలి.