డీఎన్ఏ చెప్పిన తూర్పు ఆఫ్రికా కథ

టాంజానియా తీరానికి ఆనుకుని కిల్వా కిసివాని అనే చిన్న ద్వీపం ఉంది. పగడపు రాతితో కట్టిన పెద్ద మసీదు, రాజభవనం అక్కడ ఇప్పుడు శిథిలాలుగా మిగిలాయి. 1331లో ఇబ్న్ బటూటా వెళ్ళేనాటికి అది హిందూ మహాసముద్రంలో పేరుమోసిన రేవు. ఆఫ్రికా లోపలి నుంచి వచ్చిన బంగారం, ఏనుగు దంతాలు అక్కడ ఓడలెక్కి అరేబియా, పర్షియా, భారతదేశాల దాకా వెళ్ళేవి.

ఈ రాజ్యం ఎలా పుట్టిందో చెప్పే పాత గ్రంథం ఒకటుంది. దాన్ని కిల్వా వృత్తాంతం అంటారు. పర్షియాలోని షిరాజ్ నుంచి రాకుమారులు ఓడల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని దాని సారాంశం. స్వాహిలీ తీరంలో ఇప్పటికీ తాము షిరాజీలమని చెప్పుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇది నిజమా, కట్టుకథా? వలసపాలన కాలంలో చాలామంది పండితులు ఈ రాతి పట్టణాలు కట్టింది బయటివాళ్ళేనని తేల్చేశారు. ఆఫ్రికన్లకు అంత పనితనం ఉంటుందని వాళ్ళు నమ్మలేదు. స్వాతంత్ర్యాల తర్వాత తవ్వకాలు చేసినవారికి వేరే సంగతి కనిపించింది. రాతి ఇళ్ళ కింద మట్టి ఇళ్ళ పొరలున్నాయి, పట్టణాలు స్థానికంగానే మెల్లగా ఎదిగాయి. దాంతో షిరాజ్ కథ గొప్ప కోసం అల్లుకున్నదే అన్న అభిప్రాయం బలపడింది.

ఇదేదో పండితుల మధ్య గొడవే కదా అనుకోకండి. జాంజిబార్‌లో 1957లో పుట్టిన ఒక ప్రధాన రాజకీయ పార్టీ పేరే ఆఫ్రో-షిరాజీ పార్టీ. 1964 విప్లవంలో అరబ్బులు, భారతీయులు వేల సంఖ్యలో చనిపోయారు. నీ పూర్వీకులు ఎక్కడివాళ్ళు అన్న ప్రశ్న అక్కడ సరదాకి అడిగేది కాదు.

గత పది పదిహేనేళ్ళలో ఈ వాదంలోకి కొత్త సాక్షి వచ్చింది: డీఎన్ఏ. నేను జీవశాస్త్రం చదువుకోలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కంపెనీల డేటాను పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి మార్చే పనిలో ఉన్నాను. ఈ పరిశోధనలు చదువుతున్నకొద్దీ వీటిలో సగం మా పనే అనిపించింది. ఆ కోణం నుంచే ఈ సాక్షి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో చూద్దాం.

ముందు కొంచెం పాఠం

డీఎన్ఏను సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకోండి. వాడే అక్షరాలు నాలుగే: ఎ, సి, జి, టి. ఏ ఇద్దరి పుస్తకాలు పక్కపక్కన పెట్టినా దాదాపు 99.9 శాతం ఒకేలా ఉంటాయి. మిగిలిన కాస్త తేడాలోనే వంశచరిత్ర దాగి ఉంది.

ఈ చరిత్ర మనకు మూడు దారుల్లో వస్తుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకి వస్తుంది. మిగతా క్రోమోజోములు ఇద్దరి నుంచీ కలగలిసి వస్తాయి. పది తరాలు వెనక్కి వెళ్తే మన వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి. వాటిలో తల్లికి తల్లికి తల్లిగా పోయే వరసలో ఉండేది ఒక్కరే, తండ్రికి తండ్రిగా పోయే వరసలోనూ ఒక్కరే. మిగతా 1,022 మంది సంగతి తెలియాలంటే కలగలిసిన క్రోమోజోములే దిక్కు.

ఆ కలగలుపులో ఒక గడియారం కూడా ఉంది. ఎర్ర పూసల దండ ఒకటి, నీలం పూసల దండ ఒకటి తీసుకుని ఒకచోట తెంపి అటుదిటు కట్టామనుకోండి. పొడుగాటి ఎర్ర ముక్క, పొడుగాటి నీలం ముక్క వస్తాయి. తరతరానికీ ఇలాగే తెంపి కడుతూ పోతే ఒకే రంగు ముక్కలు పొట్టివవుతూ వస్తాయి. వాటి పొడవు కొలిచి, రెండు జనాలు ఎన్ని తరాల క్రితం కలిశారో లెక్కగట్టవచ్చు.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. డీఎన్ఏలో ఎక్కడా "కెన్యా" అనో "పర్షియా" అనో రాసి ఉండదు. మనం చేయగలిగింది పోలిక మాత్రమే. ఈ మనిషి అక్షరాలు ఫలానా గుంపువారితో ఎక్కువ కలుస్తున్నాయా, ఇంకో గుంపుతోనా అన్నదే ప్రశ్న. కాబట్టి ఎవరితో పోలుస్తున్నామో దాన్నిబట్టే జవాబు ఉంటుంది.

ఇవాళ్టి మనుషులతో పోలిస్తే చాలదా? చాలదు. ఇవాళ ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళు వెయ్యేళ్ళ క్రితం అదే ఊళ్ళో ఉన్నవాళ్ళ సంతతే కానక్కర్లేదు. అందుకే పాత ఎముకలు కావాలి. చిక్కేమిటంటే, వేడికి డీఎన్ఏ త్వరగా పాడవుతుంది. అందుకే ఆఫ్రికాలో ఈ పని యూరప్ కంటే చాలా ఆలస్యంగా మొదలైంది. లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకలో డీఎన్ఏ మిగతా చోట్లకంటే బాగా నిలుస్తుందని తెలిశాక దారి దొరికింది. పాతబడిన డీఎన్ఏ ముక్కల కొసల్లో "సి" అక్షరం "టి"లా కనబడటం మొదలవుతుంది. ఇది ఒక రకంగా మేలే. ఆ మచ్చ ఉంటే ఇది తవ్వినవాళ్ళ చేతుల నుంచి అంటుకున్న కొత్త డీఎన్ఏ కాదు, నిజంగా పాతదేనని నమ్మకం కుదురుతుంది.

మోటా గుహ, నడపని స్క్రిప్టు

దక్షిణ ఇథియోపియాలోని గామో కొండల్లో మోటా అనే గుహ ఉంది. సుమారు 4,500 ఏళ్ళ క్రితం అక్కడ పాతిపెట్టిన ఒక మగమనిషి పూర్తి జన్యుపటాన్ని 2015 అక్టోబరులో "సైన్స్" పత్రికలో ప్రచురించారు. ఆఫ్రికాలో అంత పూర్తిగా చదివిన మొదటి ప్రాచీన జన్యుపటం అదే.

దాని విలువ ఏమిటంటే, పశ్చిమాసియా వైపు నుంచి జనం తూర్పు ఆఫ్రికాలోకి పెద్దగా వచ్చి కలవకముందు అతను బతికాడు. మా భాషలో చెప్పాలంటే మార్పులు జరగకముందు తీసిన బ్యాకప్ కాపీ. దాన్ని పక్కన పెట్టుకుని ఇప్పటివాళ్ళని చూస్తే, తర్వాత వచ్చి చేరింది ఎంతో తెలుస్తుంది. అదే ప్రాంతంలో ఇప్పుడున్న ఆరీ జనం అతనికి బాగా దగ్గరని తేలింది. తూర్పు ఆఫ్రికాలో మిగతా చాలామందిలో పశ్చిమాసియా పాలు గణనీయంగా కనిపించింది.

అక్కడితో ఆగలేదు. ఆ పాలు ఖండమంతా పాకిందనీ, పడమటి ఆఫ్రికాలోని యోరుబా జనంలోనూ, మధ్య ఆఫ్రికా అడవుల్లోని ంబుటీ జనంలోనూ ఆరేడు శాతం దాకా ఉందనీ ఆ వ్యాసం చెప్పింది. పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో వేశాయి. హార్వర్డులో ఉన్న పాంటస్ స్కోగ్లుండ్, డేవిడ్ రైక్ అదే డేటాను మళ్ళీ లెక్కవేస్తే ఆ ఫలితం రాలేదు.

ఏం జరిగిందయ్యా అంటే, రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య ఫైలును సరిపడేలా మార్చే ఒక స్క్రిప్టును నడపాలి. దాన్ని నడపలేదు. దాంతో మోటా మనిషి అక్షరాలు ప్రామాణిక జన్యుపటంతో సరిగ్గా కలిసిన చోట్లు చాలావరకు లెక్కలోంచి జారిపోయాయి. కలిసినవి పోయి కలవనివి మిగిలితే, అతను అందరికంటే వేరుగా కనబడక ఏమవుతాడు? అతనితో పోలిస్తే మిగతా ఆఫ్రికన్లందరిలో బయటి రక్తం ఉన్నట్టు తోచింది. 2016 జనవరిలో ఆ బృందమే దిద్దుబాటు ప్రకటించింది. తూర్పు ఆఫ్రికా గురించి చెప్పింది నిలబడింది, ఖండమంతా అన్నమాట పోయింది.

డేటా మార్పిడి పని చేసే నాలాంటివాళ్ళకి ఇది ఒళ్ళు జలదరించే కథ. ప్రోగ్రామ్ ఆగిపోలేదు, ఎర్రర్ మెసేజీ రాలేదు, జవాబు వచ్చింది. ఆ జవాబే తప్పు. డేటాను ఇంకొకరు మళ్ళీ లెక్కవేయగలిగారు కాబట్టి నాలుగు నెలల్లోపే బయటపడింది.

పొర మీద పొర

మోటా తర్వాత ఎముకలు చాలా దొరికాయి. 2017లో స్కోగ్లుండ్ బృందం "సెల్" పత్రికలో 16 మంది ప్రాచీన ఆఫ్రికన్ల డీఎన్ఏను పరిశీలించింది. ఉత్తర టాంజానియాలోని లుక్స్‌మాండాలో సుమారు 3,100 ఏళ్ళ క్రితం పశువుల కాపరుల మధ్య బతికిన ఒక వ్యక్తిలో దాదాపు 38 శాతం, సిరియా, జోర్డాన్, పాలస్తీనా వైపు తొలి రైతులకు సంబంధించినదని తేలింది. అంటే ఓడల వ్యాపారానికి చాలా ముందే, ఉత్తరం నుంచి మందలు తోలుకుంటూ దిగివచ్చినవారితో ఒక కలయిక జరిగిపోయింది.

ఆ పరిశోధనలోనే మలావీ సంగతి ఇంకా ఆశ్చర్యం. అక్కడ సుమారు 8,100 నుంచి 2,500 ఏళ్ళ క్రితం దాకా బతికిన వేటగాళ్ళ పాలు ఇప్పటి మలావీ జనంలో దాదాపు కనిపించదు. పడమటి ఆఫ్రికా వైపు నుంచి వ్యవసాయంతో విస్తరించిన బాంటూ భాషలవారి సంతతే ఇప్పుడు అక్కడుంది. ఇవాళ్టి మలావీవాళ్ళ డీఎన్ఏ ఒక్కటే చూసి ఉంటే, ఆ వేటగాళ్ళు ఎలాంటివాళ్ళో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

కిల్వా వృత్తాంతానికి జవాబు

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. 2023 మార్చిలో "నేచర్" పత్రికలో ఎస్తర్ బ్రియెల్, చాపురుఖా కుసింబా, డేవిడ్ రైక్ తదితరుల వ్యాసం వచ్చింది. క్రీ.శ. 1250 నుంచి 1800 దాకా ఆరు తీరపట్టణాల్లోనూ, 1650 తర్వాతి కాలానికి చెందిన ఒక లోతట్టు ఊళ్ళోనూ పాతిపెట్టిన 80 మంది డీఎన్ఏ అందులో ఉంది.

తీరపట్టణాలవారిలో చాలామందికి సగానికి పైగా డీఎన్ఏ ఆఫ్రికా నుంచి వచ్చింది, అది ముఖ్యంగా ఆడవారి ద్వారా. మిగతా పెద్ద భాగం ఆసియాది. ఆ ఆసియా భాగంలో 80 నుంచి 90 శాతం పర్షియా మగవారిది. ఇంకా కొంత భారతదేశానికి సంబంధించినది. పూసదండ గడియారం ప్రకారం ఈ కలయిక సుమారు క్రీ.శ. 1000 నాటికి మొదలైంది. ఆ తీరంలో ఇస్లాం విస్తృతంగా వ్యాపించిన కాలమూ అదే. 1500 తర్వాత అరేబియా పాలు పెరుగుతూ వచ్చింది.

అంటే షిరాజ్ నుంచి ఓడల్లో వచ్చారని చెప్పుకున్న కుటుంబాల మాట గాలికబురు కాదు. అలాగని పట్టణాలు కట్టింది పరదేశులే అన్న వలసపాలన నాటి వాదమూ నిలబడదు. ఈ కలయికకు ముందే అక్కడ ఊళ్ళున్నాయి. ఇళ్ళల్లో తల్లులు ఆఫ్రికన్లు. పిల్లలు మాట్లాడిన స్వాహిలీ, బాంటూ కుటుంబపు భాష. దానిలో అరబ్బీ మాటలు బోలెడున్నాయి నిజమే. జిల్లా, వకీలు, దస్తావేజు అన్న మాటలున్నంత మాత్రాన తెలుగు పర్షియన్ అయిపోయిందా?

ఆ ఎముకల్లో షిరాజ్ ఊరి పేరు గానీ, రాకుమారుల పేర్లు గానీ లేవు. వచ్చినవాళ్ళు రాజులో, వర్తకులో డీఎన్ఏ చెప్పదు. ఆ పెళ్ళిళ్ళు ఇష్టంతో జరిగాయో, బలవంతంతో జరిగాయో కూడా చెప్పదు. అందుకు వృత్తాంతం కావాలి, తవ్వకాలు కావాలి, ఆ కుటుంబాల నోట వినే మాట కావాలి.

ఓడలు అటునుంచి ఇటూ వచ్చాయి. గుజరాత్, కర్ణాటకల్లో ఉన్న సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2011లో వీరి మీద పరిశోధన ప్రచురించారు. ఆఫ్రికాలోని బాంటూ భాషలవారితో వీరికున్న సంబంధం స్పష్టంగా తేలింది. చుట్టుపక్కల భారతీయులతో కలయిక సుమారు 200 ఏళ్ళ క్రితం, అంటే ఎనిమిది తరాల క్రితం మొదలైందని లెక్కగట్టారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, అక్కడ ఏసీ అంటే చల్లగాలి యంత్రం కాదు. ఆఫ్రికన్ కావల్రీ, అంటే నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ అశ్వికదళం.

మరి గొట్టంలో ఉమ్మి పంపితే?

నాతో పనిచేసే మొంబాసా మిత్రుడొకడు ఇంటికి తెప్పించుకునే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. మొదట "అరేబియా" అని వచ్చిన భాగం ఆరు నెలల తర్వాత అదే వెబ్‌సైటులో "ఇరాన్" అయింది. "మా ముత్తాత ఆరు నెలల్లో దేశం మారాడా?" అని అడిగాడు. ముత్తాత మారలేదు, ఆ కంపెనీ పోల్చే జాబితా మారింది. ఇలాంటి జాబితాల్లో యూరప్‌వాళ్ళ నమూనాలు దండిగా, ఆఫ్రికావాళ్ళవి పలుచగా ఉంటాయి. వందల భాషలున్న ప్రాంతాన్ని నాలుగైదు రంగుల్లో చూపిస్తారు. పైగా అవి ఎక్కువగా ఇవాళ్టి మనుషుల నమూనాలు, వెయ్యేళ్ళ క్రితంవి కావు.

కాబట్టి అలాంటి శాతాలు చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరితో పోల్చారు? ఆ గుంపులో ఎంతమంది ఉన్నారు? ఏ కాలపువాళ్ళు? ఈ మూడింటికీ జవాబు లేని శాతాన్ని వాతావరణ సూచనలా తీసుకోవాలి, దస్తావేజులా కాదు. పంపేముందు ఇంకొక్కటి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, డీఎన్ఏని మార్చుకోలేం. అందులో మన తోబుట్టువుల, పిల్లల సమాచారం కూడా ఉంటుంది. 23అండ్‌మీ కంపెనీలో 2023లో సుమారు 69 లక్షల మంది ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇంట్లోవాళ్ళతో ఒక మాట అనుకుని పంపడం మంచిది.

ఒకవైపు ఎవరూ లెక్కచేయని కుటుంబగాథకి ఎముకలు సాక్ష్యం పలికాయి. ఇంకోవైపు నడపని ఒక స్క్రిప్టు ఖండమంతటికీ లేని పూర్వీకుల్ని అంటగట్టింది. రెండూ డీఎన్ఏ పేరుతో వచ్చిన ఫలితాలే. ఏది నిలబడుతుందో తేల్చింది మాత్రం పక్కన పెట్టి చూసిన మిగతా సాక్ష్యాలు, ఓపికగా మళ్ళీ లెక్కవేసిన మనుషులు.