కుండీలో స్ట్రాబెర్రీ

నగరాలలో నేలకు కరువు వచ్చింది. ఇరుకు వాటాలలో నివసించే వారికి పెరడు అన్న మాటే పాతదైపోయింది. అయినా మొక్కను పెంచాలన్న కోరిక మిద్దెల మీద, బాల్కనీలలో చోటు వెదుక్కుంటూనే ఉన్నది. అట్టి చోట తోటకూర, చిక్కుడు పెరగడంలో వింత లేదు. చలికి అలవాటుపడిన స్ట్రాబెర్రీ హైదరాబాదు వంటి నగరంలో కుండీలో కాయడం మాత్రం విశేషమే.

మన దేశంలో ఈ పంటకు పేరుగాంచిన చోటు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. అక్కడి పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పండు అంగడిలో దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చు. మామిడి, అరటి కోసిన తరువాత కూడా మాగుతాయి. స్ట్రాబెర్రీ అలా మాగదు. కోసిన నాటికి ఎంత తీపి ఉన్నదో అంతే. దూరప్రయాణానికై ముందుగా కోసిన పండు పుల్లగా ఉండటానికి కారణమిదే.

దీని వేళ్లు లోతుకు పోవు. జానెడు లోతు గల కుండీ, అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంటే చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, బాగా కడిగిన కొబ్బరిపొట్టు కలిపి నింపాలి. సాధారణ రకాలు పగటి నిడివి తగ్గి, చలి మొదలైనప్పుడే మొగ్గ తొడుగుతాయి. కనుక అక్టోబరులో నాటాలి. మొవ్వు సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. పూడితే కుళ్లుతుంది, పైకి లేస్తే వేళ్లు ఎండుతాయి. రోజుకు ఆరు గంటల ఎండ అవసరం. ఉప్పునీటిని ఈ మొక్క సహించదు. బోరునీరు పోసే ఇళ్లలో ఆకుల అంచులు మాడటం తరచు కనిపిస్తుంది. వాననీరు పట్టి ఉంచుకొన్నవారు అదృష్టవంతులు.

పూత తరువాత జరిగేది మరింత ఆసక్తికరం. మనం తినే ఎర్రని కండ నిజానికి ఫలం కాదు, ఉబ్బిన పుష్పాసనం. పైన గింజలవలె కనిపించేవే అసలు ఫలాలు. పరాగసంపర్కం జరిగిన ప్రతి గింజా ఆక్సిన్ అనే హార్మోనును విడుదల చేసి తన చుట్టూ ఉన్న కండను పెంచుతుంది. గింజలను తొలగిస్తే కండ పెరగదనీ, వాటికి బదులు ఆక్సిన్ పూస్తే పెరుగుతుందనీ 1950లో నిచ్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. తేనెటీగలు అరుదుగా వచ్చే పై అంతస్తులలో కాయలు వంకరపోవడం ఇందువల్లనే. మెత్తని కుంచెతో పువ్వు నడుమ నిమిరితే ఆ లోపం చాలావరకు తీరుతుంది. పండు రంగు తిరిగిన తరువాత ఉడుతలు, పిగిలిపిట్టలు మనకంటె ముందే చేరుతాయి. వల కప్పక తప్పదు.

మార్చి ఎండలు ముదిరేసరికి పూత ఆగి, మొక్క తీగలు సాగిస్తుంది. తీగ కణుపును పక్క కుండీలోని మట్టికి ఆనిస్తే పిల్లమొక్క వేరు పట్టుతుంది. దానిని నీడలో ఉంచి మన వేసవి దాటించడమే అన్నింటికన్న కష్టమైన పని. అది సాధ్యపడనివారు మరుసటి అక్టోబరులో కొత్త నారు తెచ్చుకొంటారు.