రంగుటద్దాల కిటికీలు: గాజు నిలుస్తుంది, సీసం అలిసిపోతుంది

పాత చర్చిల్లో రంగుటద్దాల కిటికీ కనబడితే ఎంత బావుందో అనుకుని వచ్చేస్తాం. అది ఎలా తయారైందో, ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందో తెలిస్తే మళ్లీ వెళ్లి తనివితీరా చూస్తాం. చేసినవాళ్లకు ఎంత రుణపడ్డామో, మధ్యమధ్యలో విప్పి, బాగుచేసి, తిరిగి బిగించినవాళ్లకూ అంతే రుణపడి ఉన్నాం. ఆ రెండు రకాల పనివాళ్ల విశేషాలు కొన్ని...

◆ రంగు పైన కాదు, లోపలే
ఈ కిటికీల్లో రంగు చాలావరకు పైన పూసింది కాదు. కొలిమిలో గాజు కరిగేటప్పుడే అందులో కలిసిపోయింది. కోబాల్టు వేస్తే నీలం, మాంగనీసు వేస్తే ఊదా వస్తాయి. రాగి వేస్తే కొలిమి మంటను బట్టి ఆకుపచ్చయినా రావచ్చు, ఎరుపైనా రావచ్చు. 12వ శతాబ్దం తొలినాళ్లలో థియోఫిలస్ అనే క్రైస్తవ సన్యాసి ఈ పనితనమంతా లాటిన్‌లో రాసిపెట్టాడు. గాజుకు ఆయన చెప్పిన పాళ్లు: బీచ్ చెట్టు బూడిద రెండు వంతులు, ఇసుక ఒక వంతు.

◆ ఎరుపుతో తంటా
రాగి ఎరుపు చాలా ముదురు. కిటికీకి కావలసిన మందంలో పోస్తే వెలుగు దూరక నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల గాజు మీద ఎర్ర గాజును పలుచని పొరగా పట్టించారు. తర్వాతి పనివాళ్లు ఆ పొరను అక్కడక్కడా గీకేసి, ఎర్రటి నేల మీద తెల్లటి బొమ్మలు తీశారు. రాజవంశాల చిహ్నాలకు ఈ పద్ధతి బాగా పనికొచ్చింది.

◆ కాగితం కాదు, సుద్ద పూసిన బల్ల
థియోఫిలస్ చెప్పిన పద్ధతి ఇది. చెక్కబల్ల మీద సుద్దపొడి, నీళ్లు కలిపి పూయాలి. ఆరాక దాని మీద కిటికీ బొమ్మను అసలు కొలతల్లోనే గీసి, ఏ ముక్క ఏ రంగో గుర్తు పెట్టాలి. గాజును ఆ గీతల మీద పరిచి అంచులు గుర్తించాలి. ఎర్రగా కాలిన ఇనప కడ్డీని గుర్తు వెంట నడిపిస్తే గాజు అలాగే చిట్లుతుంది. అంచుల్లో మిగిలిన వంకరలను గాడి ఉన్న ఇనుముతో కొద్దికొద్దిగా కొరికి సరిచేయాలి. ఇలాంటి 14వ శతాబ్దపు బల్లలు స్పెయిన్‌లోని జిరోనాలో నేటికీ ఉన్నాయి. వాటి మీద పనివాళ్ల గీతలు ఇంకా కనిపిస్తాయి.

◆ కళ్లూ ముక్కూ గీసేదెలా?
ఇనుము లేదా రాగి ఆక్సైడును గాజుపొడితో కలిపి నూరి, వైన్‌తోనో మూత్రంతోనో పలచన చేసి కుంచెతో గీసేవారు. ఆ ముక్కను మళ్లీ బట్టీలో కాలిస్తే గీత గాజుకు అంటుకుపోతుంది. 14వ శతాబ్దం ఆరంభంలో వెండితో పసుపు రంగు తెప్పించే కిటుకు పట్టుబడింది. దాంతో తెల్లని ముఖం, బంగారు కిరీటం ఒకే గాజు ముక్క మీద సాధ్యమయ్యాయి.

◆ సీసం చేసే పని
ముక్కలన్నిటినీ కలిపి పట్టుకునేది సీసపు పట్టీ. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరంలా, రెండు పక్కలా గాడితో ఉంటుంది. సీసం మెత్తన కాబట్టి ముక్క ఎటు తిరిగితే అటు వంగుతుంది. పట్టీలు కలిసిన చోట టంకం పెడతారు, గాడుల్లోకి అవిసెనూనె పుట్టీ కూరుతారు. మొత్తం పలకను రాగి తీగలతో ఇనప కడ్డీలకు కడతారు. ఎండకు సాగి, చలికి ముడుచుకుని, సుమారు నూరేళ్లు దాటాక సీసం అలిసిపోతుంది. పట్టీలు చిట్లి, పలక ఉబ్బుతుంది. గాజు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది. అందుకే పాత గాజుకు కొత్త సీసం వేయడం ఈ కళలో మొదటినుంచీ ఉన్న పనే.

◆ గాజు కిందికి జారుతుందా?
పాత కిటికీ అద్దాలు కింది అంచున మందంగా ఉంటాయనీ, గాజు మెల్లగా కిందికి కారడమే కారణమనీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. చేత్తో చేసిన పలక అన్నిచోట్లా ఒకే మందంలో రాదు, అంతే. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి నాటి గాజు పాళ్లతో 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మామూలు వేడిలో వంద కోట్ల ఏళ్లకు ఆ గాజు జారేది మహా అయితే ఒక నానోమీటరు!

◆ మూడేళ్లు, 56 పౌండ్లు
ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ చర్చి తూర్పు కిటికీ దాదాపు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. సృష్టి ఆరంభం నుంచి లోకాంతం దాకా బైబిల్ గాథ అందులో ఉంది. కోవెంట్రీకి చెందిన జాన్ థార్న్‌టన్ 1405లో ఒప్పుకుని 1408కల్లా పూర్తిచేశాడు. కూలి 56 పౌండ్లు. బొమ్మలు స్వయంగా తన చేత్తోనే గీయాలని ఒప్పందంలో షరతు కూడా పెట్టారు.

◆ విప్పి బిగించడానికి పదేళ్లు
అదే కిటికీని 2008లో దించారు. 311 పలకలు! ఒక్కోదాన్నీ ఫొటో తీసి, సీసం విప్పి, గాజు శుభ్రం చేసి, తిరిగి కూర్చేసరికి 2018 వచ్చింది. పాత గాజుకు అసలు శత్రువు తేమ. బూడిదతో చేసిన గాజులో పొటాషియం ఎక్కువ. తేమ తగిలితే అది బయటికి వచ్చేస్తుంది, గాజు గుంటలు పడుతుంది, గీసిన గీతలు రాలిపోతాయి. అందుకే యార్క్‌లో బయటివైపు కొత్త అద్దం బిగించి, మధ్యలో గాలి ఆడనిచ్చి, పాత గాజును లోపలికి జరిపారు. ఇప్పుడు వానా మంచూ కొత్త అద్దానికే.

◆ 40 వేల పగుళ్లు
1984 జులైలో అదే చర్చి దక్షిణ భాగం తగలబడింది. పిడుగు వల్లే అంటారు. అక్కడి గుండ్రటి గులాబీ కిటికీ వేడికి దాదాపు 40 వేల పగుళ్లు పడింది. అయినా రాలిపోలేదు. అంతకు పదిహేనేళ్ల ముందే కొత్త సీసం వేసి ఉండటంతో ముక్కలన్నీ ఉన్నచోటే ఆగాయి. వేళకు చేసిన మరమ్మతు విలువేమిటో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

◆ ఫైళ్ల కోసం గాజు తీసేశారు
ప్యారిస్‌లోని సెయింట్ షాపెల్ ప్రార్థనాలయం 1248లో ప్రతిష్ఠ అయింది. దాని 15 కిటికీల్లో 1,113 దృశ్యాలున్నాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని దస్తావేజుల గదిగా వాడుకున్నారు. బీరువాలు పెట్టడానికి కిటికీల అడుగున సుమారు రెండు మీటర్ల గాజు తొలగించారు. అందులో కొంత అమ్ముడుపోయి చెల్లాచెదురైంది. తర్వాత దశాబ్దాలపాటు సాగిన మరమ్మతుల్లో ఆ ఖాళీలు పూడ్చారు.

◆ యుద్ధం వస్తే ముందు కిటికీలు
ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథెడ్రల్‌లో సుమారు 2,600 చదరపు మీటర్ల రంగుటద్దాలున్నాయి. వాటిని 1918లో ఒకసారి, 1939లో మరోసారి దించి భద్రపరిచారు. స్ట్రాస్‌బర్గ్ కెథెడ్రల్ గాజును నాజీలు తీసుకెళ్లి జర్మనీలో హైల్‌బ్రాన్ ఉప్పు గనిలో దాచారు. 1945లో అమెరికా సైన్యం అది తిరిగి ఇంటికి చేరేలా చూసింది.

◆ విరిగితే ఎలా అతుకుతారు?
పూర్వం పగులు మీద మరో సీసపు పట్టీ వేసేవారు. దాంతో దేవదూత ముఖంలో అడ్డంగా నల్లగీత వచ్చేది. ఇప్పుడు అంచుకు అంచు చేర్చి రెసిన్‌తో అతుకుతారు. నేటి నియమం ఒక్కటే: పాతదాన్ని వీలైనంత ఉంచు, చేసింది రేపు విప్పగలిగేలా చెయ్యి.

◆ మన దగ్గర
కోల్‌కతా సెయింట్ పాల్స్ కెథెడ్రల్ పడమటి కిటికీకి బొమ్మ గీసినవాడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్. అండమాన్‌లో హతుడైన వైస్రాయ్ లార్డ్ మేయో స్మారకంగా 1880లో చేయించారు. ఇక తెలంగాణలో మెదక్ చర్చి ఉండనే ఉంది. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవు కాలంలో జనానికి పని చూపిస్తూ కట్టించిన ఈ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు కిటికీలు ఇందులో ఉన్నాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. పగలు వెళ్లి లోపల నిలబడి చూడాలి. పొద్దుగూకితే ఆ బొమ్మలు కనబడవు.

ఆరోహణ కిటికీకి 2027తో నూరేళ్లు నిండుతాయి. యార్క్ అనుభవం చెప్పేదాన్నిబట్టి, ఈ వయసులో ఏ కిటికీనైనా ఒకసారి నిపుణులకు చూపించాలి. ప్రతి పలకకూ ఫొటో తీసి పెట్టాలి, సీసం ఎక్కడైనా చిట్లిందేమో పరీక్షించాలి, సబ్బునీళ్లతో రుద్ది కడగడం మానాలి. పెద్ద ఖర్చులేని పనులే ఇవి. ఇప్పుడు చేసి పెడితే మన మునిమనవలు కూడా ఇదే గాజును చూస్తారు.